పహాణీ మొదలు పోర్టలు వరకు



నేను మరిపెడ నివాసిని. ముప్పదియేండ్లకు పైగా బడులలో తెలుగు బోధించి విశ్రాంతి గొన్నవాడను. వ్యాకరణమును ఛందస్సును చదివిన వానికి కంప్యూటరు సంగతులతో నేమి పని యని మీరు నవ్వవచ్చును. రేడియోవారు నన్ను పిలిచినపుడు నేనును అట్లే నవ్వితిని. కాని వారు చెప్పుమన్నది యంత్రశాస్త్రము కాదు. ఒక పెద్ద సాఫ్టువేరును కట్టి జనుల ముందు తెరచినపుడు ఏమి జరుగునో, దానినుండి ఏమి తెలిసికొనవలయునో, జరిగిన చరిత్రను బట్టి చెప్పుమనిరి. అట్టి చరిత్ర మన యిండ్లలోనే జరిగినది. దాని పేరు ధరణి. దానిని గూర్చి మాటాడుటకు వ్యాకరణము చదివినవాడును, నాగలి పట్టినవాడును సమానముగనే అర్హులు.

ముందుగా రెండు మాటలకు అర్థము చెప్పుకొందము. సాఫ్టువేరు అనగా యంత్రమునకు మనుష్యుడు ముందుగా వ్రాసియిచ్చిన ఆజ్ఞల దొంతర. "ఇది యడిగినచో ఇది చూపుము, ఈ వేలిముద్ర కలిసినగాని ఆ తలుపు తెరవకుము" అను నట్టి కట్టడి. పోర్టలు అనగా ద్వారము. లెక్కలన్నియు ఎక్కడనో యొక గదిలోని యంత్రములందు భద్రపరచి, ఊరూర నున్నవారు ఇంటర్నెట్టు దారిని ఆ ద్వారము కడకు వచ్చి చూచుకొనునట్లును, వ్రాయించుకొనునట్లును చేసిన ఏర్పాటు. ఆ యంత్రము న్యాయము నెరుగదు, అన్యాయము నెరుగదు. తనకు నేర్పని పని యేదియు చేయదు. ఎంత బతిమాలినను చేయదు. ఈ యొక్క సంగతి జ్ఞాపకమున్నచో మిగిలిన కథ సులువుగా తెలియును.

భూమి లెక్కల కథ ధరణితో మొదలు కాలేదు. నిజాము రాజ్యమున మొదటి సాలార్‌జంగు 1865లో జిలాబందీ యేర్పాటు చేసి రాజ్యమును జిల్లాలుగా తాలూకాలుగా విభజించినది మొదలు, కొలతలును దస్తరములును క్రమముగా నెలకొనెను. 1317 ఫసలీలో భూమిశిస్తు చట్టము వచ్చెను. ఊరిలో ఈ లెక్కకు కర్త పట్వారీ. నా బాల్యమున పట్వారీగారి యింటి అరుగుమీద ఎఱ్ఱగుడ్డలో కట్టిన దస్తరము నేను చూచి యున్నాను. ఆ మూట విప్పుట చిన్న పండుగవలె నుండెడిది. చుట్టు నలుగురు చేరెడివారు. సర్వే నంబరు, విస్తీర్ణము, పట్టాదారు పేరు, అనుభవదారు పేరు, తరియా ఖుష్కియా, నీరెక్కడిది, పైరేమి, ఇట్లు పెక్కు గడులు. ఆ గడులలో నుండునది ఊరే. ఏ చెలకలో ఎవరు దున్నుచున్నారో, ఎవరి బావి ఎండినదో, అన్నదమ్ములలో ఎవరు పట్నము పోయిరో, ఆ పుస్తకము చదివినవానికి తెలిసెడిది.

పట్వారీల నందరిని నేను పొగడబోను. పేదవాని భూమి ఒక్క కలపుపోటుతో పరులపాలైన ఊళ్లు మన తెలంగాణములో లెక్కలేనన్ని. సాయుధపోరాటమున జనులు దొరల గడీలతోపాటు దస్తరములను గూడ తగులబెట్టిన చోట్లు కలవు, ఊరక తగులబెట్టలేదు. అయినను ఒకటి ఒప్పుకొనవలయును. పట్వారీ తప్పు వ్రాసినను ఆ తప్పు ఎక్కడ నున్నదో ఊరికి తెలిసెడిది. ఎవని వాకిట కూర్చుండి తగవు పెట్టుకొనవలెనో తెలిసెడిది.

1949లో జాగీర్లు రద్దయిన పిమ్మట, 1954-55లో ఖాస్రా పహాణీ తయారయ్యెను. నేటికిని కోర్టులలో భూమి తగవు వచ్చినచో న్యాయవాదులు మొట్టమొదట అడుగునది దానినే. ఊరి లెక్కలనెల్ల కొత్తగా కూర్చి వ్రాసిన ఆ పని చిన్నది కాదు. కాని వ్రాసినవారు మనుష్యులే గదా. ఆనాడు పడిన పొరపాట్లు పిదప ప్రతి యేటి పహాణీలోనికి అట్లే దిగివచ్చెను. ఎత్తివ్రాయువాడు పాతదానిని చూచి వ్రాయునే గాని పొలమును చూచి వ్రాయడు. తరువాత 1971లో హక్కుల రికార్డు చట్టము, పట్టాదారు పాసుపుస్తకములు వచ్చెను. 1984 జనవరి 6వ తేదీన ఎన్.టి. రామారావుగారి ప్రభుత్వము గ్రామాధికారుల ఉద్యోగములను రద్దుచేసెను. పట్వారీతనము ఆనాటితో ముగిసెను. దస్తరము పోలేదు, దస్తరమును చదువగలవాడు పోయెను.

పిమ్మట యంత్రముల కాలము వచ్చినది. 1998 నవంబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని రిజిస్ట్రేషను కచ్చేరీలలో 'కార్డ్' అను కంప్యూటరు పద్ధతి నెలకొనెను. దినములకొలది పట్టు దస్తావేజు పని గంటలోనికి దిగినది. ఇరుగుపొరుగున కర్ణాటకమువారు 'భూమి' యను పేర సుమారు 67 లక్షల రైతులకు చెందిన 2 కోట్ల లెక్కలను కంప్యూటరు కెక్కించిరి. ఒక తాలూకాలో పద్ధతి కుదిరిన పిమ్మట అక్కడ చేతివ్రాత నకళ్లు చెల్లవని ప్రకటించుచు ముందుకు సాగిరి. పైగా మార్పుకొరకు ముందు వచ్చినవాని దరఖాస్తు ముందే తేలునట్లు యంత్రమునకు కట్టడి చేసిరి. వెనుకవానిని ముందుకు లాగుటకు గ్రామకరణమునకు వీలులేకపోయెను. చిన్న కట్టడియే, కాని ఎందరి చేతిలోని డబ్బు దక్కినదో ఊహింపుడు.

ఇక మన కథకు వత్తును. 2017 సెప్టెంబరు 15న తెలంగాణ ప్రభుత్వము భూరికార్డుల ప్రక్షాళనము ఆరంభించెను. పదివేలకు పైబడిన గ్రామములలో నూరు దినములలో లెక్కలన్నియు సరిచూడవలెనని సంకల్పము. తగవు లేని భూములు ఒక భాగము, తగవున్నవియు తేలనివియు మరియొక భాగము. వీనినే జనులు 'పార్టు ఏ', 'పార్టు బీ' యని పిలిచిరి. 2018 మే 10న హుజూరాబాదులో రైతుబంధు పథకము మొదలయ్యెను. ఎకరమునకు పంటకు 4000 రూపాయల చొప్పున రైతు చేతికిచ్చిరి. కొత్త పాసుపుస్తకములను పంచిరి. ఆ ఎండకాలమున మన ఊళ్లలో వచ్చిన సంతోషము నిజమైనది. దానిని కాదనుట తగదు. అయితే డబ్బు పంచుటకు తేదీ నిర్ణయమైనచో పట్టిక ఆ తేదీకి సిద్ధము కావలెను. తేలినవి పట్టిక కెక్కెను. తేలనివి పార్టు బీలో మిగిలెను. చెలకలో మూడు తరములుగా మిరపతోట వేయుచున్నవాడు కూడ ఆ పట్టికలో లేకపోవచ్చును.

ఇచ్చట నా సొంత సంగతి యొకటి చెప్పనిండు. దీనికిని దానికిని ఏమి సంబంధమని తొందరపడకుడు.

నేను ఉద్యోగమున చేరిన తొలి యేడు, ఒక బడిలో ప్రవేశపు రిజిస్టరు చెదలు పట్టినది. కొత్త పుస్తకములోనికి ఎత్తివ్రాయుమని నా కప్పగించిరి. నా దస్తూరి బాగుండునని పేరు. మూడు రాత్రులు లాంతరు పెట్టుకొని వ్రాసితిని. ఒక పిల్లవాడు పుట్టినది 1974లో. ఆ నాలుగంకె పైభాగమును చెదలు తిన్నది. నిలువుకాలు మాత్రము మిగిలినది. నేను దానిని ఒకటి యనుకొని 1971 అని ముత్యములవంటి అక్షరములతో వ్రాసితిని. ఎవరును సరిచూడలేదు. పాత పుస్తకమును పారవేసిరి. పదియేండ్లు గడచినవి. ఆ పిల్లవాడు పెరిగి ఒక ఉద్యోగమునకు పోగా, వయస్సు మీరినదని త్రిప్పి పంపిరి. నా యొద్దకు వచ్చెను. బడికి పోతిమి. "సర్టిఫికెట్టు అచ్చయిన పిదప దిద్దు అధికారము మాకు లేదు" అనిరి. పై కచ్చేరికి పోతిమి. "మొదటి రిజిస్టరు తెండు" అనిరి. మొదటి రిజిస్టరు మట్టిలో కలిసినది. ఆతడు రెండేండ్లు తిరిగెను. ఆ రెండేండ్లలో అసలు వయస్సును మీరిపోయెను. తిరిగి వచ్చి తండ్రి చేనిలో మిరప నాటుకొనెను.

పొరపాటు నాది. తిరిగినది ఆతడు.

తరువాత నేను ఏ బడిలో రిజిస్టరు పట్టినను, తప్పుపడిన చోట ఎఱ్ఱసిరాతో ఒక్క గీత గీచి, పాత అంకె కనబడునట్లే యుంచి, ప్రక్కన సరియైనది వ్రాసి, సంతకము తేదీ వేయించెడివాడను. తప్పు లేని పుస్తకము నేనింతవరకు చూడలేదు. దిద్దుటకు చోటులేని పుస్తకము మాత్రము ప్రమాదకరమని యెరుగుదును.

2020 సెప్టెంబరు 8వ తేదీనుండి రాష్ట్రమంతట రిజిస్ట్రేషనులు నిలిపివేసిరి. ఆ నెలలోనే కొత్త భూమిహక్కుల చట్టము శాసనసభలో నెగ్గెను. గ్రామ రెవిన్యూ అధికారుల పదవులు రద్దయి, వారి చేతిలోని పుస్తకములు తీసికొనబడెను. అక్టోబరు 29న మూడుచింతలపల్లిలో అప్పటి ముఖ్యమంత్రి కె. చంద్రశేఖరరావుగారు ధరణి పోర్టలును ప్రారంభించిరి. నవంబరు 2నుండి 570 తాసీలుదారు కచ్చేరీలలో ఒక్కమారుగా వ్యవసాయభూముల రిజిస్ట్రేషనులు మొదలయ్యెను.

మంచిని ముందు చెప్పుట ధర్మము. పూర్వము భూమి కొన్నవాడు రిజిస్ట్రేషనుకు ఒక కచ్చేరి, పేరు మార్పుకు మరియొక కచ్చేరి తిరుగవలెను. నడుమ నెలలు పోయెడివి. చేతులు తడుపవలసి వచ్చెడిది. ధరణిలో రెండును ఒక్క బల్లకడ ఒక్క పూటలో జరిగెను. ముందుగా స్లాటు తీసికొని పోయినవాడు సాయంకాలమునకు లెక్కలో తన పేరు చూచుకొని యిల్లు చేరెను. తగవు లేని భూమి గలవాడు ధరణిని నేటికిని మెచ్చుకొనును. ఆ మెప్పు న్యాయమైనది. నాకు తెలిసిన ఒక బంధువు అమ్మాయి పెండ్లికై ఎకరము విక్రయించి, "ఇంత సుఖముగ నా జన్మములో కచ్చేరి పని కాలేదు" అనెను.

కాని తెరచిన నాడు ఆ ద్వారములో క్రయము, దానము, వారసత్వము, భాగపంపిణీ మొదలైన కొద్ది పనులకే దారులు కట్టబడి యుండెను. పేరులో అక్షరము తప్పినచో? విస్తీర్ణము అయిదు గుంటలు తక్కువపడినచో? సర్వే నంబరే కనబడనిచో? తరి భూమి మరియొక వర్గమున చేరినచో? వానికి తలుపు లేదు. యంత్రమునకు నేర్పని పని యంత్రము చేయదని మొదట చెప్పితిని గదా. తాసీలుదారు ఎదుట రైతు నిలుచుండి పాతికేండ్ల పహాణీలు చూపును. తాసీలుదారునకు తప్పు కన్నులార కనబడును. కాని ఆయన తెరమీద దిద్దుటకు గడి లేదు, ఆయనకు చట్టమున అధికారమును లేదు. పూర్వము తగవు తీర్చిన రెవిన్యూ కోర్టులును ఆ చట్టముతో పోయినవి. ఊరిలో అడుగుదమన్న గ్రామాధికారి లేడు. అరుగుమీద ఒక వృద్ధుడు అన్నమాట నాకు మరపు రాదు: "సారూ, భూమి చెల్కలనే ఉన్నది. కాయితంలకెల్లి పోయింది."

నిషేధపు పట్టిక సంగతి ఇంకను చిత్రము. ప్రభుత్వ భూములును, కాలువకు రోడ్డుకు తీసికొన్న భూములును పరులు అమ్మకుండ తాళము వేయుట అవసరమే. కాని ఒక సర్వే నంబరులో కొన్ని గుంటలు కాలువకు పోయిన చోట పూర్తి నంబరునకే తాళము పడిన సందర్భములు రాష్ట్రమంతట బయటపడెను. ఇంటిలో ఒక గది సర్కారుదైనచో వీధితలుపునకు ముద్ర వేసినట్లు. ఆ పద్ధతి వ్రాసినవాడు దుర్మార్గుడని నేననను. ఆతడు హైదరాబాదులో గాజుమేడలో కూర్చుండి సర్వే నంబరును ఒక వస్తువుగా తలచెను. మన ఊరిలో సర్వే నంబరు వస్తువు కాదు; పదిమంది అన్నదమ్ముల వాటాలు, ఒక బావి, ఒక బండ్లబాట, ఒక మైసమ్మ గద్దె.

అనుభవదారు గడిని గూర్చి కూడ చెప్పవలెను. పాత పహాణీలో పట్టాదారు ఒకడు, అనుభవదారు ఒకడు ఉండవచ్చును. కొత్త లెక్కలో పట్టాదారు మాత్రమే మిగిలెను. ఆ గడిని అడ్డుపెట్టుకొని పట్టాదారును పీడించినవారును, లంచము పుచ్చుకొని దొంగపేరు చొప్పించినవారును కలరు. కావున తీసివేతకు కారణము లేదనలేము. కాని తెల్లకాగితముమీద కొని దున్నుకొనుచున్న పేదవానికి ఆ గడియే సాక్ష్యము. పుస్తకములో ఒక గడిని ఉంచుటయా తీసివేయుటయా యనునది చూచుటకు గీతల పని. నిజమునకు అది తీర్పు. అట్టి తీర్పు యంత్రము కట్టువాని బల్లమీద కాక, రచ్చబండ యొద్ద పదిమంది నడుమ చర్చకు రావలసినదని నా యభిప్రాయము.

పిమ్మట దారులు ఒక్కొక్కటిగ కట్టిరి. దిద్దుబాటునకు ఒకటి, నిషేధము తొలగించుటకు ఒకటి, పాసుపుస్తకము లేనివారికి ఒకటి, కోర్టు తీర్పున్నవారికి ఒకటి, ఇట్లు మాడ్యూళ్లని పిలువబడు తలుపులు ముప్పదికి పైబడెను. ఇది మరియొక చిక్కు తెచ్చెను. మొదట తలుపు లేదు. ఇప్పుడు ఏ తలుపు తట్టవలెనో తెలియదు. తప్పు తలుపు తట్టినవాని దరఖాస్తు తిరస్కృతి. మీసేవ కేంద్రములో కుఱ్ఱవాడు తనకు తోచిన తలుపు ఎన్నుకొనును, రుసుము రైతుది. పైగా చాలవరకు దిద్దుబాట్లు కలెక్టరు గారి యొద్దకే పోవలెను. జిల్లాకు ఒక్క కలెక్టరు. ఒక యక్షరము దిద్దుటకు జిల్లా యంతయు ఆయన ముందు వరుస కట్టవలెను. అక్షరమన్నచో జ్ఞప్తికి వచ్చినది. మన యింటిపేర్లను ఇంగ్లీషునందు కొట్టి మరల తెలుగున త్రిప్పినచో లకార ళకారములును, దీర్ఘములును ఏమగునో తెలుగు పండితుడనైన నన్ను అడుగుడు. వ్యాకరణమున అది దోషము. భూమి లెక్కలో అది వేరొక మనిషి.

వ్యవసాయేతర ఆస్తులను కూడ ధరణిలోనికి తేవలెనని చేసిన యత్నము వేరుదారి పట్టెను. ఆధారు మొదలగు సొంత వివరములను అడుగుటపై హైకోర్టులో వ్యాజ్యము నడచి, 2020 డిసెంబరులో ఆ భాగమును విడిచి పాత పద్ధతినే పునరుద్ధరించిరి. ఇండ్ల స్థలములు గలవారు మధ్యతరగతి పట్టణవాసులు. వారి గొంతు వేగముగా వినబడెను. ఇది నా చమత్కారము కాదు, తేదీలు చూచుకొనుడు.

ఇట్టి తొట్రుపాటు మన యొక్కరికే కలిగినదని చిన్నపోనక్కర లేదు. అమెరికావారు ఆరోగ్యబీమా కొరకు పెద్ద పోర్టలు కట్టి 2013 అక్టోబరు 1న దేశము ముందు తెరచిరి. లక్షలాది జనము ఎగబడిరి. మొదటి దినమున నమోదు పూర్తిచేసికొనగలిగినవారు ఆరుగురు. అంత ధనము, అంత విద్య గల దేశమది. కాని వారి యంత్రము చెడినది చూచిన వెంటనే అందరికి తెలిసెను. రెండు నెలలలో చాలవరకు చక్కబరచుకొనిరి. మన ద్వారము చెడలేదు. చక్కగా నడచుచునే యుండెను. లోపలి లెక్కలో తప్పున్నవానికి మాత్రమే అది మూతపడినది. ఇట్టి తప్పు తొందరగా పైకి రాదు. జరిగిన రిజిస్ట్రేషనుల లెక్క పత్రికలలో వచ్చును. వాకిట నుండి వెనుకకు మరలినవాని లెక్క ఏ పత్రికలోను రాదు.

2023 డిసెంబరులో ప్రభుత్వము మారెను. ఆ యెన్నికలలో ధరణి పేరు వినబడని సభ లేదు. 2024 జనవరిలో ఎం. కోదండరెడ్డి, భూమిచట్టముల నిపుణుడు ఎం. సునీల్ కుమార్, పూర్వపు భూపరిపాలనాధికారి రేమండ్ పీటర్ మొదలైనవారితో సంఘమును నియమించిరి. అప్పటికి తేలని దరఖాస్తులు రెండు లక్షలకు పైబడి యుండెను. ఆ వసంతమున కొన్ని దిద్దుబాట్ల అధికారము తాసీలుదారులకును ఆర్డీవోలకును దిగివచ్చెను. యంత్రము కొత్తది కాదు, లెక్కయు కొత్తది కాదు. దిద్దు చేయి రైతునకు దగ్గరైనది, అంతే. అంతవరకు ప్రైవేటు సంస్థ నడపిన పోర్టలును 2024 డిసెంబరునుండి కేంద్రప్రభుత్వపు ఎన్ఐసి సంస్థకు అప్పగించిరి. అదే నెలలో భూభారతి చట్టము శాసనసభలో నెగ్గెను. 2025 ఏప్రిల్ 14న ముఖ్యమంత్రి ఎ. రేవంత్ రెడ్డిగారు భూభారతి పోర్టలును ప్రారంభించిరి. తలుపులు ఆరింటికి తగ్గెను. తాసీలుదారు తీర్పుపై ఆర్డీవో, ఆపైన కలెక్టరు, ఇట్లు అప్పీలు మెట్లు మరల ఏర్పడెను.

ఈమారు ఒక్క దినముననే ముప్పదిమూడు జిల్లాలలో పని మొదలిడలేదు. మొదట నాలుగు మండలములు మాత్రమే యెన్నుకొనిరి: నారాయణపేట జిల్లా మద్దూరు, కామారెడ్డి జిల్లా లింగంపేట, ములుగు జిల్లా వెంకటాపూరు, ఖమ్మము జిల్లా నేలకొండపల్లి. ఊరూర అధికారులు కూర్చుండి దరఖాస్తులు పుచ్చుకొనిరి. మిరప అమ్ముటకు ఖమ్మము పోయిన మనవారు నేలకొండపల్లివారిని అడిగి సంగతులు తెలిసికొని వచ్చెడివారు. నేలకొండపల్లి భక్త రామదాసు పుట్టిన ఊరు గదా. సర్కారు లెక్క తేలక చెరసాల పాలైన తాసీలుదారు ఊరిలోనే భూమి లెక్కల దిద్దుబాటు మొదలగుట చూచి నాకు నవ్వు వచ్చినది. పిమ్మట మే నెలలో తక్కిన జిల్లాలలో ఒక్కొక్క మండలము, జూనులో రాష్ట్రమంతటను రెవిన్యూ సదస్సులు జరిగెను. ఎనిమిది లక్షలకు పైగా దరఖాస్తులు వచ్చెను. అయిదేండ్లు నడచిన లెక్కపై ఎనిమిది లక్షల మనవులు! దరఖాస్తు పుచ్చుకొనుట వేరు, తీర్చుట వేరు. కావున భూభారతికి జయము పలుకుటకు నేను తొందరపడను. సెప్టెంబరులో గ్రామపాలనాధికారులను ఊళ్లకు పంపిరి. 1984లో ఒకమారు, 2020లో ఒకమారు ఖాళీయైన అరుగు మరల నిండినది.

తెల్లకాగితపు క్రయములు, అనగా సాదాబైనామాల ముచ్చట చెప్పి ముగింతును. రిజిస్ట్రేషను ఖర్చు భరింపలేని పేదలు పెద్దమనుషుల ఎదుట తెల్లకాగితముపై వ్రాయించుకొని భూములు కొనుట మన ప్రాంతమున పాత ఆచారము. వానిని క్రమపరచుటకు 2020 అక్టోబరు 12నుండి నవంబరు 10వరకు దరఖాస్తులు పుచ్చుకొనిరి. సుమారు తొమ్మిది లక్షలు వచ్చెను. కాని అవి వచ్చుచుండగనే అక్టోబరు 29న ధరణితోపాటు కొత్త చట్టము అమలుకు వచ్చి పాత చట్టము రద్దయ్యెను. క్రమపరచు వీలు పాత చట్టములోనిది. ఒక చేతితో దరఖాస్తు పుచ్చుకొనుచు మరియొక చేతితో దాని యాధారమును తీసివేసినట్లైనది. హైకోర్టు అడ్డుచెప్పెను. ద్వారము తెరచు తేదీని నిర్ణయించినవారును, దరఖాస్తుల గడువును నిర్ణయించినవారును ఒక్క పంచాంగమును చూచి యుండరు. కొత్త చట్టమున దానికి వీలు కల్పించిన పిమ్మట, 2025 ఆగస్టు 26న హైకోర్టు ఆ అడ్డును తొలగించెను.

ఆ వార్త వచ్చిన కొన్ని దినములకు ఒకడు నా యింటికి వచ్చెను. ఇప్పుడు ఏబది దాటినవాడు, జుట్టు నెరసినది. నేను ముత్యములవంటి అక్షరములతో మూడేండ్లు పెద్దవానిని చేసిన పిల్లవాడే. తండ్రి 1991లో కొన్న ఎకరము పది గుంటల చెలకకు వ్రాయించుకొన్న తెల్లకాగితమును ప్లాస్టికు సంచిలోనుండి తీసెను. మడతలు చినిగినవి. 2020 నవంబరులో ఆతడు పెట్టుకొన్న దరఖాస్తు రసీదు దానికి దారముతో కట్టియున్నది. గట్టిగా చదువుమనెను. ఆతడు రసీదుమీద వ్రేలుంచి ఒక్కొక్క మాట సరిచూచుకొనుచుండెను. సర్వే నంబరు చదివితిని, హద్దులు చదివితిని, సాక్షుల పేర్లు చదివితిని. తేదీకడకు రాగానే కండ్లజోడు తుడుచుకొని అంకె అంకెగా చదివితిని.

ఆతడు నవ్వి, "ఇంకోపారి సదువుండ్రి, సారూ" అనెను. చదివితిని.